గాజుపలక మీది డెబ్బై

కడప,
మే 15, గురువారం

చెల్లెలు జెస్సీకి, అన్న వసంతకుమార్ ప్రభువు పేరట వందనాలు చెప్పి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ అందరం క్షేమం, నువ్వూ అక్కడ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టడం మన ఇంటి పద్ధతి. ఈసారి ఆ వాక్యంలో సగమే రాయగలను. ఇక్కడ అందరం ఉన్నాం. నువ్వు అక్కడ క్షేమమని తలుస్తాను.

ప్రతి శుక్రవారం ఫోనులో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా, మళ్ళీ ఉత్తరమెందుకని అనుకుంటావు. నీకు ఫోను చేతికొచ్చేది ఆ ఒక్కరోజే. కోసిగిలో ఇంటి దగ్గర నాయన స్పీకరు పెడతాడు, అమ్మ పక్కన కూర్చుంటుంది, గోడ అవతల నుంచి చిన్న ఈరన్న మామ కూడా ఒక మాట వేస్తాడు. అక్కడ మీ యజమానురాలు పిలిచేలోపు నువ్వు వంటింట్లో నిలబడి అందరికీ జవాబు చెప్పాలి. ఆ హడావిడిలో చెప్పగలిగే సంగతులు కొన్నే. అందుకే కిందటిసారి మాదిరే దీన్ని, అక్కడే పనిచేసే మన హనుమేష్ చేతికిస్తున్నాను. అతని సెలవు అయిపోయింది. ఆదివారం కువైట్ విమానం ఎక్కుతున్నాడు. వచ్చే శుక్రవారం పొద్దున నీ చేతికి ఇస్తానన్నాడు.

నీ ఉత్తరంలో ఐదు సంగతులు అడిగావు. వరసగా రాస్తాను. ఐదోదానికి జవాబు పెద్దది కాబట్టి చివరికి పెడుతున్నాను.

అమ్మ మోకాలు. తగ్గలేదు, ఇంకా వాచింది. నువ్వు పంపిన పట్టీ కట్టుకోవడం లేదు. అడిగితే, "ఎండకు లోపల ఉడుకుతాండాదప్పా, అది కట్టుకుంటే కాలు అన్నమైపోతాది" అంటుంది. కోసిగిలో ఈ నెల ఎండ చూస్తే ఆమె మాట కాదనలేను. వాపు పెరగడానికి ఇంకో కారణం కూడా ఉంది. అదీ చివర్లోనే వస్తుంది. మిరప కోతలకు గుంటూరు వైపు పోయినవాళ్ళంతా తిరిగొచ్చారు. వీధి మళ్ళీ నిండింది. కుళాయి దగ్గర గొడవలు కూడా మొదలయ్యాయి.

బావ సంగతి. ఒంటిమిట్ట కల్యాణం వార్త రాయడానికి పోయినప్పుడు మీ ఆయన్ను కలిశాను. యాత్రికుల్ని దించడం, ఎక్కించడం, కూర్చునే తీరిక లేదు. ఆటోకు మామిడాకులు కట్టి ఉన్నాయి. "ఏం బావా, మతం మారినావా?" అంటే, "నేను మార్లేదు బావా, ఆటో మారింది. పది రోజులైనాక దాన్ని మళ్ళ గుడికి తోల్కపోతా, మన గుడికి" అన్నాడు. బ్రేకులు సరిగా పట్టడం లేదని నీకు చెప్పొద్దన్నాడు. చెప్పేశాను. బాగు చేయించుకోమని గట్టిగా చెప్పు.

నాయన బీడీలు. తాగడం లేదు. మానేసి పన్నెండేళ్ళయినా ఈ జబ్బు ఎందుకొచ్చిందని అడిగావు. అదే ప్రశ్న కర్నూల్లో నాయనకు వైద్యం చేస్తున్న డాక్టర్ వీరభద్ర గారిని నేనూ అడిగాను. పొగలోని విషం రక్తంలో కలిసి, కిడ్నీల గుండా మూత్రంలోకి దిగి, మూత్రసంచిలో గంటల తరబడి నిలుస్తుందట. మానేస్తే ప్రమాదం తగ్గుతుంది గానీ పూర్తిగా పోదని చెప్పాడు. నాయన కూలీల మేస్త్రీగా తిరిగినప్పుడు ఏ ఊళ్ళో పని దొరికినా, దొరక్కపోయినా, చేతిలో బీడీ మాత్రం ఉండేది. నీకు గుర్తుండే ఉంటుంది.

నాలుగోది ఆ రిపోర్టు. "నాకు అర్థమయ్యేట్టు రాయి అన్నా" అని అడిగావు. ఈ ఒక్క పేరా రాయడానికి రెండు రోజులు పట్టింది. చదివితే ఎందుకో తెలుస్తుంది.

ఫిబ్రవరిలో నాయన మూత్రమార్గం గుండా గొట్టం పంపి, సంచి లోపలి గడ్డను గీకి తీశారని నీకు తెలుసు. క్రిస్మసు ముందు నుంచి మూత్రంలో రక్తం పడుతుంటే వేడి చేసిందనుకుని సబ్జా గింజలు తాగుతూ గడిపాడన్నదీ తెలుసు. తీసిన ముక్కను మైనంలో పెట్టి, చాలా పలచగా కోసి, గాజుపలకల మీద పరిచి హైదరాబాదులో పరీక్ష చేయించారు. కొన్ని ప్రోటీన్లు ఉన్నచోట మాత్రమే గోధుమరంగు పట్టేలా దాని మీద మందు వేస్తారు. అందులో ఒకటి పి-53. కణం చెడిపోతే దాన్ని పెరగకుండా ఆపడం దాని పని. ఆ ప్రోటీనే చెడిపోయినప్పుడు అది కణంలో పోగుపడుతుంది, రంగు ఎక్కువ కనిపిస్తుంది. నాయన ముక్కలో నూటికి డెబ్బై కణాలు రంగు పట్టాయి. కణాలు ఎంత జోరుగా పెరుగుతున్నాయో చూపే ఇంకో ప్రోటీను కూడా ఎక్కువే ఉంది.

డాక్టరుగారు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. "ఈ ప్రోటీన్లను మాత్రమే చూసి మేం ఏదీ నిర్ణయించం. వీటి మీద జరిగిన పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పడం లేదు. గడ్డ ఎంత లోతుకు దిగింది, చూడ్డానికి ఎంత చెడ్డగా ఉంది అన్నవే ముందు. మీ నాన్నగారిది పైపొర దాటింది, కండరం దాకా రాలేదు. ఇట్లాంటి గడ్డలో ఈ ప్రోటీన్లు కూడా ఇట్లా ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి అది మళ్ళీ రావడం, లోపలికి దిగడం చూశారు. అన్నీ ఒకేవైపు చూపిస్తున్నాయి కాబట్టి నేను ఆలస్యం చేయను. మార్చిలో రెండోసారి గొట్టం వేసి చూద్దాం. అవసరమైతే మూత్రసంచి తీసేద్దాం."

రిపోర్టు సంగతి ఇంతే. నాయన ఆ మార్చి తేదీకి రాలేదు.

ఇక నీ ఐదో ప్రశ్న. "గాబ్రియేలు పాస్టరు ఇంకా మన ఇంటికి వస్తున్నాడా? ఏ మొహం పెట్టుకుని వస్తున్నాడు?" అని రాశావు.

ఆ కోపం, ఆ కోపంతో నువ్వు ఆయనకు ఫోను చేసి అన్న మాటలు, రెండూ నా ఉత్తరం వల్ల వచ్చాయి. నాయన రాకపోవడానికి కారణం పాస్టరుగారని, శ్రమదినాల ఉపవాస ప్రార్థనలు అయ్యేదాకా ఆసుపత్రికి పోవద్దని ఆయనే ఆపాడని నీకు రాశాను. ఫోను చేసినప్పుడు నాయన "పండగ అయినాక సూద్దాం లేప్పా" అన్నాడు. అప్పుడు ఈస్టరు ముందరి నలభై రోజుల ఉపవాసాలు నడుస్తున్నాయి. ఆ రెండూ కలిపి నేను కారణం తయారుచేశాను. పాస్టరుగారిని అడగలేదు. అవతలి మనిషిని అడగకుండా వార్త రాసిన కుర్రవాళ్ళను నేను ఆఫీసులో అందరి ముందు నిలబెట్టి అడుగుతాను. నీకు రాసిన ఉత్తరానికి ఆ నియమం గుర్తు రాలేదు.

ఈస్టరు మరునాడు కోసిగి పోయాను. నాయన గడప ముందు చాప మీద కూర్చుని ఉన్నాడు. ముందర కంచంలో కొర్రన్నం, ఇంత ఆకుకూర. చిన్న ఈరన్న మామ భుజాన సంచితో వచ్చి నన్ను చూసి నిలబడ్డాడు.

"రాప్పా విలేకరీ. సూడు మీ నాయన్ను. నమిలిందే నమలడం. కొర్రలు, ఆకు, మళ్ళ కొర్రలు. మా ఎద్దు గూడ ఇంత ఓపిగ్గా మేయదు."

"నీ ఎద్దుకు డెబ్బై ల్యా, నాకుండాది" అన్నాడు నాయన. "ఆ సంచి ఆడ పెట్టి నోరు మూసుకో."

డెబ్బై ఏమిటని అడిగాను.

"ఏమప్పా, మర్చిపోతివా? ఆ పోటీను గదా. ఇప్పటికి సగానికి దిగింటాదని నా అంచనా. నడుస్తాండా, చప్పిడి తింటాండా, అన్నం ముట్ల్యా. నువ్వు మళ్ళొకసారి పరీక్ష చేయించు. దిగింటే ఇంక ఆ గొట్టమేంటికి, కోసేదేంటికి?"

"అది దిగుతుందని ఎవరు చెప్పారు? పాస్టరుగారా?"

నాయన నవ్వాడు. "ఆయప్ప యాడ చెప్పినాడు! పొద్దున్నే వస్తాడు, ఆసుపత్రికి పో లాజరన్నా అంటాడు. మాపటికి వస్తాడు, అదే మాట. పోయినావా పోల్యాదా అని ప్రార్థనలో గూడ నన్నే సూస్తాడు. ఆ పొద్దు కారు గూడ మాట్లాడి వాకిట్లో నిలబెట్టినాడు. నేనే ఎక్కల్యా."

"మరి ఎవరు చెప్పారు నాయనా?"

"ఎవురేందిరా? నువ్వే గదా."

ఇది చెప్పడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను జెస్సీ. ఇక్కడికి రావడానికి ఇన్ని పేజీలు పట్టింది.

ఫిబ్రవరి చివర రిపోర్టు వచ్చినరోజు, డాక్టరుగారి గది బయట బెంచీ మీద కూర్చున్నాం. నాయన అడిగాడు, "ఏందప్పా అది, నాకు తెలిసేటట్టు చెప్పు" అని. నువ్వు అడిగినట్టే. నేను క్షణం ఆలోచించి, "నీకు షుగరు ఉంది కదా నాయనా. ఎక్కువుంటే ప్రమాదం, తక్కువుంటే మేలు. ఇదీ అట్లాంటిదే అనుకో" అన్నాను. ఆయన తల ఊపాడు. ఎంతో సులువుగా చెప్పానని నాకు తృప్తిగా కూడా అనిపించింది. ముప్పై ఏళ్ళుగా నేను తింటున్న తిండి ఆ పనిదే. పెద్దవాళ్ళు గజిబిజిగా చెప్పినదాన్ని ఒక పోలిక పెట్టి, చదివేవాడికి అందేటట్టు చేయడం. పోలిక అందింది. ఆయన దాన్ని పట్టుకుని ఎక్కడిదాకా పోతాడో నేను చూసుకోలేదు.

షుగరుతో నాయన సంగతి నీకు తెలియనిది కాదు. మూడు వందలు దాటినదాన్ని కొర్రలు తిని, చేను దాకా నడిచి, సగానికి పైగా దించుకున్నాడు. ఆయన జీవితంలో డాక్టరు మెచ్చుకున్న సందర్భం అదొక్కటే. "షుగరు మాదిరే అంటివి. షుగరు నాకు కొత్తనా? దీన్ని గూడ దించుకుంటానని ఆ బెంచీ మీదే అనుకుంటి" అన్నాడు. అంతటితో ఊరుకోలేదు. ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే వేళ సంఘం ముందు నిలబడ్డాడట. "నాకు డెబ్బై ఉండాది. షుగరు మాదిరే దిగుతాదని మా వసంతుడు చెప్పినాడు. వాడు పేపరోడు, తెలీనిది చెప్పడు. అది దిగాలని ప్రార్థన చెయ్యండి" అని అడిగాడట.

దిగుతుందని నేను చెప్పలేదు. కానీ షుగరు అని చెప్పినవాణ్ణి, దిగదు అని కూడా చెప్పాలి కదా.

శ్రమదినాలంతా సంఘంలో డెబ్బై తగ్గాలని ప్రార్థన జరిగింది. స్త్రీల కూడికలో వాళ్ళు వంతులు వేసుకున్నారు. అమ్మ తన వంతూ చేసింది, రానివాళ్ళ వంతూ చేసింది, బండల మీద మోకాళ్ళూని. మోకాలి వాపు సంగతి చివర్లో రాస్తానన్నది ఇదే.

జెస్సీ, ఆ పరీక్ష చేసింది కోసి బయటికి తీసేసిన ముక్కకు. ఆ ముక్క ఇప్పుడు మైనంలో ఉంది. నాయన ఏం తిన్నా దానికి చేరదు. ఆ డెబ్బై దిగేదీ కాదు, ఎక్కేదీ కాదు. గడ్డ తీసిననాటికి దాని స్వభావం ఎట్లా ఉందో చెప్పి ఆగిపోయింది. డాక్టరుకు కావలసిందీ అంతే. లోపల ఏమైనా మిగిలి ఉంటే అది ఆగదని తెలుసుకుని తొందరపడడానికి. ఆయన్ను తొందరపెట్టాల్సిన ఆ అంకె, నా మాట వల్ల నాయనను ఇంటి దగ్గర కూర్చోబెట్టింది.

అక్కడే చాప మీద కూర్చుని, నేను చెప్పింది తప్పని చెప్పాను. నాయన నమ్మలేదు.

"అప్పుడు చెప్పింది కరెక్టా, ఇప్పుడు చెప్పేది కరెక్టా?"

"ఇప్పుడు చెప్పేది."

"రేపొచ్చి ఇదీ తప్పంటే?"

ఈరన్న మామ కూడా వంత పాడాడు. "పేపర్లో గూడ ఇట్లే రాస్తారేమప్పా? పొద్దున ఒకటి, మాపటికి ఒకటి?"

ఇంకో పోలిక నోటిదాకా వచ్చింది. మింగేశాను. "నువ్వే వచ్చి చూడు నాయనా" అన్నాను. చూడ్డానికైతే వస్తానన్నాడు. కోయించుకోడానికి కాదని అమ్మ ముందు నా చేత ఒప్పించుకున్నాడు.

రెండు రోజులాగి కర్నూలు తీసుకుపోయాను. డాక్టర్ వీరభద్ర గారు ముక్కలు పరీక్ష చేసే గదికి తానే వెంట వచ్చాడు. హైదరాబాదు నుంచి తిరిగొచ్చిన గాజుపలకను సూక్ష్మదర్శిని కింద పెట్టి, నాయన ఎత్తుకు స్టూలు సర్దాడు. నాయన తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకుని, ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు.

"ఈ ఎర్రమట్టి చుక్కలేనా?"

"అవే పెద్దాయనా. నూటికి డెబ్బై."

"ఇది నా లోపలుండాదా?"

"మీ లోపల నుంచి తీసింది. ఇప్పుడు ఇక్కడే ఉంది."

"మళ్ళ నెలకొచ్చి సూస్తే?"

"ఇవే చుక్కలు ఉంటాయి. ఏడాదికొచ్చినా ఇవే."

నాయన తల ఎత్తలేదు. అట్లాగే వంగి, "అయితే మావోళ్ళు ఇన్ని దినాలు దేనికి మోకాళ్ళేసినట్టు?" అన్నాడు. ఆ ప్రశ్న డాక్టరుకు కాదు. నేను కిటికీ వైపు చూశాను.

తర్వాత డాక్టరుగారిని ఇంకో మాట అడిగాడు. "దీన్ని సూసి నేను ఎన్నాళ్ళుంటానో చెప్తావా సామీ?"

"చెప్పలేను పెద్దాయనా. ఇట్లాంటి ముక్కలున్న చాలామందిని కలిపి చూస్తే, ఎక్కువమందికి జబ్బు లోపలికి దిగింది, కొందరికి దిగలేదు. అంతవరకే ఇది చెప్తుంది. మీరు ఎటువైపో దీనికి తెలియదు."

"నీకు?"

"నాకూ తెలియదు. గొట్టం వేసి చూస్తే కొంత తెలుస్తుంది."

నాయన తలగుడ్డ చుట్టుకున్నాడు. "సూడు మరి" అన్నాడు. నా వైపు తిరిగి, "నువ్వు చెప్పినదాంట్లో ఇంకేమన్నా తప్పులుండాయా? ఉంటే ఇప్పుడే చెప్పు, మళ్ళ బస్సెక్కి వచ్చేది కష్టం" అన్నాడు. డాక్టరు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ మరుసటి వారం రెండోసారి గొట్టం వేశారు. ఈ సంగతి శుక్రవారం ఫోనులో నాయన నీకు "అంతా బాగుండాది, చిన్న కోత ఉంటాదంట" అని చెప్పాడు. నేను పక్కనే ఉండి ఊరుకున్నాను. అది చిన్న కోత కాదు. గడ్డ కండరంలోకి దిగింది. స్కానులో బయటికి పాకినట్టు కనబడలేదు. మూత్రసంచి మొత్తం తీసేస్తారు. పేగుముక్కతో పొట్ట మీద దారి పెట్టి సంచి తగిలిస్తారు. ఇకమీదట మూత్రం అందులోకి వస్తుంది. ముందు మందు ఎక్కించి తర్వాత కోయడం కొందరిలో మేలట, కానీ షుగరు వల్ల నాయన కిడ్నీలు ఆ మందుకు ఆగవన్నారు. ఆపరేషను వచ్చే మంగళవారం, కర్నూల్లో.

మార్చిలోనే చూసి ఉంటే అప్పటికి కండరంలోకి దిగి ఉండేదా అని డాక్టరును అడిగాను. "చెప్పలేం. అప్పటికే దిగి ఉండొచ్చు, మొదటిసారి గీకినప్పుడు చిక్కి ఉండకపోవచ్చు. తర్వాత దిగి ఉండొచ్చు" అన్నాడు. చెప్పలేం అన్నవాణ్ణి ఇంకో ప్రశ్నతో కదిలించడం నా ఉద్యోగం. ఆ రోజు ఇంకో ప్రశ్న వేయలేదు. అలిసిపోయాను జెస్సీ. దీనికి జవాబు ఎవరి దగ్గరా లేదు, ఇకమీద దొరకదు. అది లేకుండానే ఉండాలి.

పాస్టరుగారి ఇంటికి పోయాను. ఆయన చొక్కా లేకుండా బావి దగ్గర బట్టలు పిండుతున్నాడు. జరిగింది చెప్పి క్షమించమన్నాను. "మీ చెల్లెలు అంత దూరం నుంచి అన్నా గూడ మాట సూటిగా తగిలింది బాబూ" అని నవ్వాడు. ఆపింది తాను కాదని నీకు ఎందుకు చెప్పలేదని అడిగితే, పిండిన పంచె దండెం మీద ఆరేసి అన్నాడు. "నేను కాదంటే మరెవురు అని అడుగుతాది. మీ నాయన నీ పేరు చెప్పినాడు. నా మీదుంటే రెండు నెలల్లో పోతాది. అన్నాచెల్లెళ్ళ మధ్య పడితే పోదు."

ఆపరేషనుకు ఒప్పుకోడానికి నాయన ఒక షరతు పెట్టాడు. "నేను నిలబడి డెబ్బై దిగుతాదని చెప్తి. ఇప్పుడు నువ్వు నిలబడి దిగదని చెప్పు. నేను చెప్తే ముసలోడు భయపడి మాట మార్చినాడంటారు." మా పేపర్లో తప్పు పడితే లోపలి పేజీలో, కింద మూలన, చిన్న అక్షరాల్లో సవరణ వేస్తాం. ఎవరూ చదవరనే ధైర్యంతోనే వేస్తాం. నాయన ఆ సౌకర్యం ఇవ్వలేదు.

మొన్న ఆదివారం సాక్ష్యాల వేళ నిలబడ్డాను. ఆ గుడిలో నేను నోరు తెరవడం అమ్మా నాయనా చూసి చాలా ఏళ్ళయింది. చెప్పాల్సినవి మూడే మాటలు. పరీక్ష చేసింది తీసేసిన ముక్కకు. ఆ అంకె మారదు. మారుతుందనిపించేటట్టు మాట్లాడింది నేను, పాస్టరుగారు మొదటినుంచీ ఆసుపత్రికే పొమ్మన్నారు. చెప్పి కూర్చోబోయాను. స్త్రీల వైపు నుంచి ఒక ముసలామె లేచింది.

"అట్లయితే ఇంక మేము ఏమని ప్రార్థన చెయ్యాల నాయనా?"

నేను పాస్టరుగారి వైపు చూశాను. వెనక వరస నుంచి నాయన గొంతు వినిపించింది.

"కోసే ఆయప్ప చెయ్యి వణకగూడదని చెయ్యండి. ఆ డెబ్బైని ఇడిసిపెట్టండి పాపం."

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత గుడంతా నవ్వింది. అమ్మ నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మోకాళ్ళ మీదికి వంగబోయింది. పక్కామె రెక్క పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టింది.

నువ్వు చేయాల్సింది ఒక్కటి. శుక్రవారం ఫోను చేతికొచ్చాక ముందు గాబ్రియేలు పాస్టరుగారికి చేయి. నా తప్పును నీ నోటితో ఆయన మీద వేశావు. ఆ మాట వెనక్కి తీసుకోవడం కూడా నీ నోటితోనే జరగాలి. నామీద కోపం వస్తే రానీ. దాన్ని దాచుకోకు, నాకూ ఫోనులోనే చెప్పు.

ఈరన్న మామ తెచ్చిన కొర్రలు ఇంకా అర సంచి మిగిలాయి. నాయన ఇప్పుడు వాటి వైపు చూడడం లేదు. "షుగరుకైనా తిను" అంటే, "ముందు ఈ పని కానీ" అంటున్నాడు. అమ్మ వాటిలో కొన్ని శుభ్రం చేసి నీకు మూట కట్టింది. ఉత్తరంతో పాటు హనుమేష్ ఇస్తాడు.

ఈ ఉత్తరం నీ చేతికి వచ్చేసరికి మంగళవారం దాటి ఉంటుంది. ఏం జరిగి ఉంటుందో ఇప్పుడు నాకు తెలియదు కాబట్టి రాయడం లేదు. పాస్టరుగారితో మాట్లాడాక ఎప్పుడూ చేసే నాయన నంబరుకు చేయి. స్పీకరు ఉండదు. నాయన ఆసుపత్రిలో ఉంటాడు కాబట్టి ఎత్తేది నేనే. జరిగింది జరిగినట్టు చెప్తాను, దేనితోనూ పోల్చను.

ఇట్లు,
నీ అన్న,
వసంతకుమార్